తట్టు తగిలిన ఊళ్లో ఆరా

టీకాతో ఆపగలిగిన జబ్బు ఒక ఊళ్లో నలుగురైదుగురు పిల్లలకు ఒకేసారి కనిపించిందంటే ఆరోగ్యశాఖకు రెండు పనులు పడతాయి. జబ్బును ఆపడం ఒకటి. అది ఏ సందులోంచి లోపలికి వచ్చిందో కనిపెట్టడం రెండోది. వాంతులు, విరేచనాలు ప్రబలినప్పుడు ఆరా తీస్తూ పోతే పగిలిన పైపు దగ్గరో, కడగని ట్యాంకు దగ్గరో కారణం దొరుకుతుంది. తట్టు, కంఠసర్పి, కోరింత దగ్గు, పోలియో అలాంటివి కావు. వీటిలో వెతకాల్సింది టీకా అందని పిల్లల్ని. ఎవరికి అందలేదు, ఎందుకు అందలేదు అని అడుగుతూ పోతే ఆరా చివరికి ఆరోగ్యశాఖ సొంత రిజిస్టర్ల దగ్గరికే వచ్చి నిలబడుతుంది. అధికారులకు ఇబ్బంది కలిగించేది అదే, దర్యాప్తులో అసలు విలువైనదీ అదే.

ఈ జబ్బుల్లో అన్నిటికంటే ముందు బయటపడేది తట్టు. డాక్టర్లు మీజిల్స్ అంటారు. రోగనిరోధక శక్తి లేని జనంలో ఒక్క తట్టు రోగి నుంచి సగటున 12 నుంచి 18 మందికి జబ్బు సోకుతుంది. వైరస్ గాలిలో తేలుతుంది. రోగి గది వదిలి వెళ్లాక కూడా రెండు గంటల వరకు అక్కడి గాలిలో నిలిచి ఉండగలదు. అందుకే నూటికి 95 మందికి రెండు డోసులూ అందితే తప్ప అది అదుపులో ఉండదు. టీకాల కార్యక్రమం ఏ మూల కాస్త సడలినా, మిగతా జబ్బులకంటే ముందు ఆ మూల తట్టు తేలుతుంది.

మొదటి కబురు ఎక్కడి నుంచైనా రావచ్చు. పీహెచ్‌సీ ఓపీ రిజిస్టర్‌లో వారం రోజుల్లో మూడు దద్దుర్ల కేసులు పడొచ్చు. ఆశా కార్యకర్త ఫోన్ చేయొచ్చు. బడిలో ఒకే తరగతి పిల్లలు వరసగా రావడం మానేశారని ప్రధానోపాధ్యాయుడు చెప్పొచ్చు. పట్నంలోని ప్రైవేటు పిల్లల డాక్టరు, ఊళ్లోని ఆర్ఎంపీ, దినపత్రిక జిల్లా పేజీలో చిన్న వార్త, ఏదైనా సరే. ఇలాంటి కబుర్లను వారం వారం పోగుచేయడానికే 2004లో దేశంలో సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం మొదలైంది. ఇప్పుడది ఆన్‌లైన్‌లో నడుస్తోంది. అయితే ఆసుపత్రి లెక్క ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. ఒంటిమీద పొక్కులు కనిపిస్తే అమ్మవారని వేపాకు పరిచి, పిల్లాణ్ని ఇంట్లోనే ఉంచే అలవాటు చాలా ఊళ్లలో ఇంకా ఉంది. ఆ ఇళ్లలోని కేసులు ఏ రిజిస్టర్‌కూ ఎక్కవు. అందుకే బృందం ఇంటింటికీ తిరిగేటప్పుడు మీజిల్స్ ఉందా అని అడగదు. గత కొద్ది వారాల్లో జ్వరంతో పాటు ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు ఎవరికైనా వచ్చాయా, అమ్మవారు పోసిందా అని అడుగుతుంది.

ఈ ప్రశ్న వెనుక ఒక పద్ధతి ఉంది. ఎవరిని కేసుగా లెక్కించాలో ముందే రాసిపెట్టుకోకపోతే, ఒక్కో నర్సు ఒక్కో రకంగా లెక్కిస్తుంది. తట్టుకు పెట్టుకున్న నిర్వచనం కావాలనే వదులుగా ఉంటుంది. జ్వరం ఉండాలి, నీటి పొక్కులు కాని దద్దుర్లు ఉండాలి, అంతే. ఆటలమ్మలో నీటి పొక్కులు వస్తాయి కాబట్టి అది పక్కకు పోతుంది. రుబెల్లా, డెంగీ, మరికొన్ని వైరల్ జ్వరాలు మాత్రం ఈ వలలో పడతాయి. పడనివ్వాలి కూడా. పరీక్ష చేశాక ఇది తట్టూ కాదు, రుబెల్లా కూడా కాదు అని కొట్టేసిన కేసులు ఏడాదికి లక్ష జనాభాలో కనీసం రెండైనా ఉండాలన్నది అంతర్జాతీయ నిఘా ప్రమాణం. కొట్టేసిన కేసులే లేని జిల్లా ఆరోగ్యంగా ఉందని కాదు, అక్కడ ఎవరూ వెతకడం లేదని అర్థం. సున్నా చూసి సంబరపడే సమీక్షా సమావేశాలకు ఈ లెక్క అంత సులువుగా మింగుడుపడదు.

అనుమానం తీరాలంటే రక్తం నమూనా కావాలి. తట్టు సోకిన ఒంట్లో మొదట పుట్టే ఐజీఎం యాంటీబాడీల కోసం అందులో వెతుకుతారు. ఇక్కడ తొందరపాటు పనికిరాదు. దద్దుర్లు వచ్చిన మొదటి మూడు రోజుల్లో తీసిన రక్తంలో యాంటీబాడీలు ఇంకా తగినంత లేక, నిజంగా తట్టు ఉన్నా ఫలితం నెగటివ్‌గా రావచ్చు. నాలుగో రోజు నుంచి 28వ రోజు వరకు తీసినదైతే నమ్మకం ఎక్కువ. గొంతు నుంచి తీసే స్వాబ్ సంగతి దీనికి తలకిందులు. దాన్ని ఎంత త్వరగా తీస్తే వైరస్ దొరికే అవకాశం అంత ఎక్కువ. స్వాబ్‌లో వైరస్ దొరికితే దాని జన్యురకం చూసి, ఇది ఏ ప్రాంతపు వైరస్‌తో చుట్టరికం ఉన్నదో చెప్పగలుగుతారు. ఇంకో ఉపయోగం కూడా ఉంది. ఊళ్లో టీకాలు వేయడం మొదలుపెట్టాక, టీకా వేసిన వారం పది రోజులకు కొందరు పిల్లలకు స్వల్పంగా జ్వరం, దద్దుర్లు వస్తాయి. అది బయటి వైరస్ చేసిన పనా, టీకాలోని బలహీన వైరస్ వల్ల వచ్చినదా అన్నది జన్యురకమే తేలుస్తుంది. రక్తపరీక్షకు ఆ తేడా తెలియదు. నమూనాలు చల్లదనం తప్పకుండా ప్రయోగశాలకు చేరాలి. ఎండాకాలంలో మారుమూల పీహెచ్‌సీ నుంచి పంపేటప్పుడు ఐస్‌ప్యాక్‌లు కరిగిపోతే పడ్డ శ్రమంతా వృథా. ఫలితం వచ్చేదాకా మిగతా పని ఆపకూడదు. మొదటి కొన్ని కేసులు తట్టేనని తేలితే, వాటితో సంబంధం ఉన్న మిగతా పిల్లలందరినీ మళ్లీ పరీక్షించనక్కర్లేదు.

దర్యాప్తులో గుండెకాయ లాంటిది లైన్ లిస్టు. ఒక్కో రోగికి ఒక్కో వరుస. పేరు, వయసు, ఏ వీధి, జ్వరం ఎప్పుడొచ్చింది, దద్దుర్లు ఎప్పుడొచ్చాయి, ఎన్ని డోసులు పడ్డాయి, అంతకు ముందు మూడు వారాల్లో ఎక్కడికి వెళ్లారు, ఎవరొచ్చారు, ఇప్పుడెలా ఉంది. అన్నిటిలో కష్టమైనది దద్దుర్ల తేదీ. కూలికి వెళ్లి వచ్చే తల్లికి తేదీలు గుర్తుండవు. జాతరకు ముందా తర్వాతా, సంత రోజా, పింఛన్లు ఇచ్చిన రోజా అని అడిగితే ఠక్కున చెబుతుంది. అనుభవమున్న ఏఎన్ఎంలు ఆ ఊరి పండుగలు, సంతల జాబితా రాసి దగ్గర పెట్టుకుంటారు.

తేదీకి ఇంత పట్టింపు ఎందుకో తెలియాలంటే ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోని ఫారో దీవులకు వెళ్లాలి. 1846లో అక్కడి జనాభా ఎనిమిది వేల లోపే. కోపెన్‌హేగన్ నుంచి వచ్చిన ఒక వడ్రంగి వెంట తట్టు ఆ దీవుల్లో అడుగుపెట్టింది. కొద్ది నెలల్లోనే దాదాపు ఆరు వేల మందికి పాకింది. డెన్మార్క్ ప్రభుత్వం పీటర్ లుడ్విగ్ పానమ్ అనే పాతికేళ్ల వైద్యుణ్ని పంపింది. వైరస్ అనేదొకటుందని అప్పటికి లోకానికి తెలియదు. పానమ్ దగ్గర ఉన్నవి ప్రశ్నలు, ఒక నోటు పుస్తకం. ఆ దీవుల ఊళ్లు ఒకదానికొకటి దూరంగా, రాకపోకలు తక్కువగా ఉండటం ఆయనకు కలిసొచ్చింది. బయటివాడు ఏ రోజు వచ్చాడో, ఆ ఊళ్లో మొదటి దద్దురు ఏ రోజు కనిపించిందో జనం కచ్చితంగా చెప్పగలిగారు. జూన్ 4న ఒక ఊరి నుంచి పదిమంది పడవలో తిమింగలాల వేటకు వెళ్లి, మరో ఊరివాళ్లతో కలిశారు. జూన్ 18న ఆ పదిమందికీ ఒంటిమీద దద్దుర్లు తేలాయి. వైరస్ తగలడానికీ దద్దుర్లు పైకి రావడానికీ మధ్య దాదాపు 14 రోజులని పానమ్ తేల్చాడు. ఇంకొకటి కూడా గమనించాడు. ఆ దీవులకు అంతకు ముందు తట్టు వచ్చింది 1781లో. అప్పుడు తట్టు వచ్చి తగ్గిన ముసలివాళ్లెవరికీ 65 ఏళ్ల తర్వాత మళ్లీ రాలేదు. ఒకసారి వస్తే జీవితాంతం రక్షణ ఉంటుందని ప్రయోగశాల లేకుండానే రుజువైంది.

నేటి బృందాలూ పానమ్ లెక్కనే వాడుతున్నాయి. తట్టు సోకిన మనిషి దద్దుర్లు రావడానికి నాలుగు రోజుల ముందు నుంచి, వచ్చాక నాలుగు రోజుల దాకా జబ్బును ఇతరులకు అంటిస్తాడు. వైరస్ తగిలాక దద్దుర్లు వారం నుంచి మూడు వారాల లోపు ఎప్పుడైనా రావచ్చు, ఎక్కువగా రెండు వారాలకు వస్తాయి. కాబట్టి దద్దుర్ల తేదీ నుంచి ఒకటి నుంచి మూడు వారాలు వెనక్కి వెళ్తే జబ్బు ఎక్కడ తగిలిందో తెలుస్తుంది. నాలుగు రోజులు వెనక్కీ ముందుకూ చూస్తే ఎవరికి అంటించి ఉంటాడో తెలుస్తుంది. కేసులన్నిటినీ తేదీల వారీగా గళ్ల కాగితం మీద పేరిస్తే ఒక బొమ్మ కడుతుంది. మొదట ఒకటి రెండు కేసులు, పది పదిహేను రోజుల ఖాళీ, తర్వాత ఒక గుంపు, మళ్లీ ఖాళీ, ఇంకా పెద్ద గుంపు. తొలి కేసుకూ రెండో గుంపుకూ మధ్య ఏం జరిగిందని వెతికితే ఏ పెళ్లో, అంగన్‌వాడీ కేంద్రమో తగులుతుంది. ఒక్కోసారి అది ఆసుపత్రే అవుతుంది. జ్వరంతో వచ్చిన పిల్లాడూ, టీకా వయసు రాని చంటిబిడ్డా ఒకే బెంచీ మీద రెండు గంటలు ఓపీ చీటీ కోసం కూర్చుంటే ఇంకేం కావాలి?

వీధుల వారీగా గీసిన పటం కూడా దాదాపు ఎప్పుడూ ఒకే రకంగా మాట్లాడుతుంది. చుక్కలు ఊరంతా సమంగా పరుచుకోవు. ఒక మూల కుప్పగా పడతాయి. అది ఊరి చివర కొత్తగా వేసుకున్న గుడిసెలు కావచ్చు, కట్టడం సగంలో ఉన్న అపార్టుమెంట్ల పక్కన కూలీల రేకుల షెడ్లు కావచ్చు. తెలుగు రాష్ట్రాల్లో ఇటుక బట్టీలకు ఏటా ఒడిశా నుంచి కుటుంబాలు పిల్లలతో సహా వచ్చి కొన్ని నెలలు ఉండి పోతాయి. ఛత్తీస్‌గఢ్ నుంచి గోదావరి అడవుల్లోకి వచ్చి స్థిరపడిన గుత్తికోయ గూడేలు ఉన్నాయి. సొంతూరి రిజిస్టర్‌లో వాళ్లు వెళ్లిపోయినవాళ్లు, వచ్చిన ఊరి రిజిస్టర్‌లో అసలు లేనివాళ్లు. జిల్లా మొత్తానికి 95 శాతం టీకాలు పూర్తయినట్టు లెక్క చూపినా, మిగిలిన ఐదు శాతం పిల్లలు ఇలా ఒకేచోట ఉంటే తట్టుకు అది చాలు.

పిల్లల వయసులు చూస్తే మరో సంగతి తెలుస్తుంది. దేశంలో సార్వత్రిక టీకాల కార్యక్రమం 1985లో మొదలైంది. తొమ్మిది నెలలు నిండాక ఒక డోసు మాత్రమే ఉండేది. రెండో డోసు 2010 నుంచి వచ్చింది. 2017లో తట్టు, రుబెల్లా రెండింటికీ కలిపి ఎంఆర్ టీకా మొదలుపెట్టి, తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలకు ఉద్యమంలా వేశారు. ఆ ఏడాది ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడుల్లో సూదుల రోజులు ఇప్పటి కాలేజీ పిల్లలకు గుర్తుండే ఉంటాయి. ఇప్పుడు కేసులు రెండేళ్ల నుంచి ఐదేళ్ల పిల్లల్లో ఎక్కువగా ఉంటే, ఇటీవలి సంవత్సరాల్లో రోజువారీ టీకాలు తప్పిపోయాయని తెలుస్తుంది. తొమ్మిది నెలల లోపు పసికందుల్లో ఎక్కువైతే చిక్కు వేరు. తల్లి నుంచి వచ్చిన రక్షణ తరిగిపోయింది, టీకా వయసు ఇంకా రాలేదు, చుట్టూ వైరస్ దండిగా ఉంది. 2022 చివర్లో ముంబయిలోని గోవండి మురికివాడల్లో తట్టు ప్రబలి పిల్లలు చనిపోయినప్పుడు సరిగ్గా ఈ ప్రశ్నే వచ్చింది. కోవిడ్ కాలంలో టీకాలు తప్పిన పిల్లలు అక్కడ ఇరుకు ఇళ్లలో వేలల్లో ఉన్నారు. జబ్బు ప్రబలిన చోట్ల తొమ్మిది నెలల నుంచి ఐదేళ్ల వరకు పిల్లలందరికీ అదనపు డోసు వేయాలని కేంద్రం అప్పుడు సూచించింది. మొత్తం కేసుల్లో పది శాతానికి మించి తొమ్మిది నెలల లోపువారే ఉన్న చోట్ల ఆరు నెలలు నిండిన శిశువులకూ ఒక డోసు వేయమంది. లైన్ లిస్టులోని వయసు గడి లేకపోతే ఆ రెండో నిర్ణయానికి ఆధారమే ఉండదు.

టీకా పడిందా లేదా అన్నది తేల్చడం వినడానికి తేలిక. తల్లులు చాలామంది అన్ని సూదులూ వేయించామనే అంటారు, నిజంగానే అలా నమ్ముతారు. మాతాశిశు సంరక్షణ కార్డు ఉంటే తేదీ చూడొచ్చు. కార్డు వానకు తడిసిందనో, పుట్టింట్లో ఉందనో అంటే ఏఎన్ఎం రిజిస్టర్ చూడాలి. అదీ లేకపోతే ప్రశ్న మార్చాలి. తొమ్మిదో నెల నిండాక కుడి చేతి పైభాగాన సూది వేశారా అని అడగాలి. ఎంఆర్ టీకా వేసేది అక్కడే. కార్డులో ఖాళీగా ఉన్న తేదీ రిజిస్టర్‌లో నిండి ఉంటే దాన్ని కూడా రాసుకోవాలి. అలా ఒకటి కనబడితే పొరపాటనుకోవచ్చు. ఒకే వీధిలో పది కనబడితే ఆ రిజిస్టర్‌ను ఎలా నింపుతున్నారో ఆలోచించాలి.

ఈ దశలో ఊళ్లో ఒక మాట తప్పకుండా పుడుతుంది. జబ్బు వచ్చినవాళ్లలో సగానికి పైగా సూది వేయించుకున్నవాళ్లేనట, ఇంక సూది ఎందుకు అని. లెక్క వేసి చూస్తే సంగతి వేరు. ఒక గూడెంలో 200 మంది పిల్లలున్నారనుకుందాం. 180 మందికి తొమ్మిదో నెల డోసు ఒక్కటే పడింది, 20 మందికి ఏదీ పడలేదు. తొమ్మిదో నెలలో వేసే ఒక్క డోసు నూటికి సుమారు 85 మందిని కాపాడుతుంది. అంటే 180 మందిలో 27 మందికి రక్షణ లేదు. వైరస్ అందరినీ తాకితే ఆ 27 మంది, టీకా లేని 20 మంది, మొత్తం 47 మంది మంచాన పడతారు. రోగుల్లో సగానికి పైగా టీకా పడ్డవారే, నిజమే. కానీ టీకా పడ్డ నూరుమందిలో జబ్బు వచ్చింది 15 మందికి, పడని నూరుమందిలో నూరుమందికీ. రోగులను మాత్రమే లెక్కపెట్టి, రాని పిల్లలను వదిలేసిన దర్యాప్తు ఈ పొరపాటులో పడుతుంది. అందుకే బృందం జబ్బు లేని ఇళ్లకు కూడా వెళ్లి పిల్లల కార్డులు చూస్తుంది. రెండు డోసులూ పడితే రక్షణ 97 శాతం వరకు పెరుగుతుంది. రెండో డోసు మొదటి డోసు పట్టనివారి కోసమే.

ఆ లెక్కలో టీకా పనితనం 85 దగ్గర కాకుండా 40, 50 దగ్గర తేలితే మాత్రం అనుమానం ఫ్రిజ్ మీదికి మళ్లుతుంది. ఎంఆర్ టీకాను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలి. పొడిగా వచ్చే మందులో ద్రావకం కలిపాక వేడికీ వెలుతురుకూ త్వరగా పాడవుతుంది, నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేయాలి. ఫ్రిజ్ తలుపు మీద రోజుకు రెండుసార్లు రాసే ఉష్ణోగ్రతల పట్టీలో నెలంతా ఒకే అంకె, ఒకే కలంతో, ఒకే దస్తూరీతో ఉంటే తనిఖీకి వచ్చినవారు ముందు దాన్నే అడుగుతారు. ద్రావకం దగ్గర జరిగిన తప్పు ఎంత దూరం పోతుందో పసిఫిక్ దీవి సమోవాలో చూడొచ్చు. 2018లో అక్కడ టీకాలో నీటికి బదులు పొరపాటున కండరాలను సడలించే మందు కలపడంతో ఇద్దరు పసిపిల్లలు చనిపోయారు. టీకాలు కొన్ని నెలలు ఆగిపోయాయి, జనానికి నమ్మకం పోయింది. మరుసటి ఏడాది తట్టు వచ్చి, రెండు లక్షల జనాభా ఉన్న ఆ దేశంలో 83 మందిని పొట్టన పెట్టుకుంది. ఎక్కువమంది ఐదేళ్ల లోపువారే.

మిగతా జబ్బుల్లోనూ దర్యాప్తు నడక ఇదే, పనిముట్లు మారతాయి. కంఠసర్పి అనుమానం వస్తే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే గొంతు స్వాబ్ తీయాలి. విరుగుడు సీరమ్ ఇవ్వడానికి మాత్రం ఫలితం కోసం ఆగకూడదు. హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి ఈ జబ్బు కొత్త కాదు. 2003-06 మధ్య నగరంలోని కేసులపై జరిపిన అధ్యయనంలో జబ్బు బడి వయసు పిల్లల్లో ఎక్కువని తేలింది. చంటిప్పుడు వేసే సూదులతో సరిపెట్టుకుని తర్వాతి బూస్టర్లు వదిలేసే ఇళ్లు ఎన్నో. పోలియోలో అయితే రోగి లేకుండానే దర్యాప్తు మొదలు కావచ్చు. దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో నమోదైంది. 2014లో పోలియో రహితమన్న ధ్రువీకరణ వచ్చింది. అయినా 2016లో హైదరాబాద్ అంబర్‌పేటలోని మురుగునీటి నమూనాలో టీకా నుంచి పుట్టిన రెండో రకం పోలియో వైరస్ కనిపించింది. ఒక్క పిల్లాడికీ పక్షవాతం లేదు. అయినా హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో ఆ జూన్‌లోనే సుమారు మూడు లక్షల మంది పిల్లలకు ప్రత్యేకంగా ఇంజెక్షన్ పోలియో టీకా వేశారు.

తట్టు తగిలిన ఊళ్లో వైద్యం, టీకా రెండూ దర్యాప్తుతో పాటే నడుస్తాయి. రోగులకు విటమిన్ ఎ వరసగా రెండు రోజులు ఇస్తారు. ఏడాది దాటినవారికి రోజుకు రెండు లక్షల యూనిట్లు, ఆరు నుంచి పదకొండు నెలలవారికి లక్ష, అంతకంటే చిన్నవారికి యాభై వేలు. తట్టులో ప్రాణం తీసేది ఎక్కువగా న్యుమోనియా, విరేచనాలు. విటమిన్ ఎ మరణాలను తగ్గిస్తుంది, చూపును కాపాడుతుంది. దద్దుర్లు వచ్చాక నాలుగు రోజుల వరకు పిల్లాణ్ని బడికి పంపకూడదు. రోగికి దగ్గరగా మెలిగిన పిల్లలకు 72 గంటల్లోపు టీకా వేస్తే జబ్బు రాకుండా ఆగే అవకాశం ఉంది. అంతకంటే ఆలస్యమైనా వేయాల్సిందే. ఈ విడత తప్పినా, అది వచ్చే విడతకు పనికొస్తుంది. పాత రిజిస్టర్‌ను పక్కనపెట్టి ఇంటింటికీ తిరిగి పిల్లల తలలు లెక్కపెట్టి కొత్త జాబితా రాసుకున్నాకే టీకాలకు దిగాలి. పాత జాబితాతోనే మళ్లీ తిరిగితే అంతకు ముందు తప్పినవాళ్లే మళ్లీ తప్పుతారు.

చివరి కేసు దద్దుర్లు కనిపించిన రోజు నుంచి 42 రోజులు, అంటే వైరస్ పొదిగే గరిష్ఠ కాలానికి రెండింతలు, కొత్త కేసు లేకుండా గడిచాకే వ్యాప్తి ముగిసినట్టు రాస్తారు. ఆ 42 రోజులూ వెతుకులాట ఆగకపోతేనే ఆ రాతకు విలువ. తర్వాత జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి చేరే నివేదికలో ఎంతమందికి వచ్చింది, ఎంతమంది పోయారు అన్నవాటితో పాటు టీకా తప్పిన ఒక్కో పిల్లాడి పక్కన కారణం ఉండాలి. సూదుల రోజున తల్లి కూలికి వెళ్లిందా, జ్వరం వస్తుందని భయపడి వద్దన్నారా, ఆ సబ్‌సెంటర్‌కు ఏఎన్ఎం లేదా, ఆ బట్టీ ఎవరి పరిధిలోకి వస్తుందో ఎవరూ తేల్చుకోలేదా. మొదటిదైతే టీకా సమయాన్ని సాయంత్రానికి మార్చాలి. రెండోదైతే ఎవరో వెళ్లి ఆ ఇంట్లో కూర్చుని మాట్లాడాలి. మూడోదైతే ఖాళీ భర్తీ చేయాలి. నాలుగోదైతే బట్టీ పేరు, యజమాని ఫోన్ నంబరు, పిల్లల సంఖ్య ఒక సబ్‌సెంటర్ మైక్రోప్లాన్‌లో చేర్చి, తర్వాతి టీకా తేదీ వేయాలి.